ఇండెక్సింగు ఎవర్నడిగి ఆపారు?

ధర్మారావు వెతికే గడిలో ‘కూర్మమ్మ’ అని కొట్టి, ఎంటర్ నొక్కి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. మామూలుగా అయితే చేతులు ఒళ్ళోకి చేరేలోపే తెర మీద జాబితా పడిపోయేది. ఈసారి తెర తెల్లగా ఉండిపోయింది. నడిమధ్యన ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి కూచుంది. ధర్మారావు చదివింది ఊళ్ళో బడిలో ఏడో తరగతి దాకానే అయినా ఆ వాక్యం అర్థమైంది. ఏమీ దొరకలేదట.

మళ్ళీ కొట్టాడు. ‘జీడితోట’ అని కొట్టాడు. చివరికి తన పేరే కొట్టాడు. తాను రాసిన ప్రతి అర్జీలోనూ ‘రాసినది ధర్మారావు’ అని ఉంటుంది. వెయ్యికి పైగా అర్జీలున్న ఆ కంప్యూటరు పెట్టె, ధర్మారావనేవాడే లేడంది.

వెనకాల గోడకి జారబడి నేలమీద కూచున్న కూర్మమ్మ మెడ చాపి చూసింది. అరవై దాటిన మనిషి. మండలాఫీసు నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. కాళ్ళకి దుమ్ము మోకాళ్ళ దాకా ఉంది.

“దొరికిందేటి తమ్ముడా?”

“ఉండప్పా.”

“శుక్రారం పదకొండు గంటలకంట. ఆ అర్జీ నెంబరు తెస్తే పుస్తకం తీసి సూస్తారంట. తేకపోతే జోగయ్య పాసుపుస్తకం మీద సంతకం ఎట్టీస్తారంట. నువ్వు రాసినావు కదా, నీ పెట్లో ఉంటాది కదా?”

“ఉంటాది. ఉండమన్నానా!”

కూర్మమ్మ మీద అతను గొంతెత్తడం అదే మొదలు. ఆవిడ కొంగు సర్దుకుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సంగతి ఇదీ. కొండ దిగువన కూర్మమ్మకి ఎకరం ముప్పై సెంట్ల మెట్ట ఉంది. ఆవిడా, చనిపోయిన మొగుడు గంగులూ గెడ్డవాగు నుంచి కుండలతో నీళ్ళు మోసి పెంచిన జీడిచెట్లు అందులో ఉన్నాయి. భూముల లెక్క కంప్యూటర్లోకి ఎక్కినప్పుడు ఆ మెట్ట గంగులు పినతండ్రి కొడుకు జోగయ్య పేర పడింది. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో తెలీదు. అప్పుడే కూర్మమ్మ చేత ధర్మారావు అర్జీ పెట్టించాడు. సరిచేస్తామన్నారు. చెయ్యలేదు. ఇప్పుడు జోగయ్య పాసుపుస్తకానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావని ఆఫీసులో కూర్మమ్మనే నిలదీశారు. అర్జీ పెట్టానంటే నెంబరేదన్నారు. ఆవిడ దగ్గరున్న నకలు చూరులో దాచింది. హుద్‌హుద్ తుపాను గాలికి చూరే పోయింది, నకలు ఏ ఊళ్ళో పడిందో ఎవరు చెప్పగలరు. ఆ గాలి వచ్చి రెండేళ్ళవుతోంది.

ధర్మారావు వ్యవసాయదారు. ఎకరన్నర వరి, కాస్త చోడి, నువ్వులు. అర్జీలు రాయడం అతని వృత్తి కాదు. కానీ ఆఫీసుకి పోయొచ్చిన ప్రతిసారీ ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూచుని, ఆ అర్జీ అడుగున జరిగిందంతా కొట్టి పెట్టేవాడు. తారీఖు, నెంబరు, తీసుకున్నది ఎవరు, ఏమన్నారు. ఆఫీసులవాళ్ళు మరిచిపోవడం ఎంత బాగా నేర్చినవాళ్ళో అతను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు. అందుకని ఆ అలవాటు. ఆ నాలుగు వరుసలు దొరికితే కూర్మమ్మ చెట్లు నిలుస్తాయి.

దొరకాలంటే వెతకాలి. అక్కడే వచ్చింది చిక్కు.

కాయితం మీద అమ్మవారి పేరు రాయకుండా మొదటి అక్షరం పెట్టకూడదని చిన్నప్పుడు బడిలో మేష్టారు బెత్తం పట్టుకుని నేర్పారు. ధర్మారావు అది కంప్యూటరు మీదా తప్పలేదు. ప్రతి అర్జీ ‘శ్రీ పైడితల్లి అమ్మవారి పాదములకు’ అన్న వరుసతో మొదలవుతుంది. అచ్చు తీసేటప్పుడు అది చెరిపేస్తాడు, పెట్టెలో మాత్రం ఉంచుతాడు. దాచుకోబోయినప్పుడు కంప్యూటరు ఆ మొదటి వరుసనే పేరుగా చూపించేది. అమ్మవారి పేరు తీసేసి మరో పేరు పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు. పక్కన ఒక అంకె వేసేవాడు. ఆ విధంగా పదకొండు వందల అరవై మూడు అర్జీలూ ఒకే పేరుతో, పక్కన ఒక అంకెతో, బారులు తీరి ఉన్నాయి. ఏ అంకె ఎవరిదో అతనికి తెలీదు. తెలియవలసిన అవసరం ఏనాడూ రాలేదు. ఒక మాట కొడితే చాలు, ఆ మాట ఏ అర్జీ కడుపులో ఉన్నా పెట్టె చెప్పేసేది. వీధరుగు మీద కూచున్న ముసలమ్మకి ఏ ఇంట్లో ఏ కూర వండారో తెలిసినట్టు, దానికి అన్నీ ముందే తెలిసి ఉండేవి.

ఇవాళ దానికి ఏమీ తెలీదు.

“ఝాన్సీ!”

కూతురు లోపలి గదిలోంచి చెవుల్లో తీగలు పీక్కుంటూ వచ్చింది. డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షకి చదువుతోంది.

“ఈ పెట్టినేటి సేసినారు?”

ఝాన్సీ తెర వంక చూసి, కూర్మమ్మ వంక చూసి, గుమ్మంలోకి వచ్చిన తల్లి రాజకుమారి వంక చూసింది.

“ఆదివారం మావయ్య వచ్చి ఇండెక్సింగు ఆపాడు నాన్నా.”

“అంటే?”

“ఫైళ్ళల్లో ఏ మాట ఎక్కడుందో అది ముందుగానే సదివి రాసి ఉంచుకుంటాది. దాని పేరే ఇండెక్సింగు. పాత పెట్టి కదా, ఎప్పుడు సూసినా అదే పని. ఆ లైటు కొట్టుకోడమే కొట్టుకోడం. మాక్ టెస్టు రాస్తుంటే నడిమధ్యన బిగుసుకుపోతంది. మూడు టెస్టులు పోయాయి నాన్నా. మావయ్యతో సెప్పాను. ఆపీసాడు.”

“ఎవర్నడిగి?”

“నువ్వు పొలంలో ఉన్నావు.”

“పొలమేటి దుబాయిలో ఉన్నాదా?”

రాజకుమారి అందుకుంది. “మా తమ్ముణ్ణి ఏటీ అనకండి. పిలిస్తే కొత్తవలస నుంచి బండేసుకొచ్చి సేసిపెట్టాడు. టీ అయినా తాగనేదు.”

“తాగిపోవాల్సింది. పెట్టి ముట్టుకోకుండా టీ తాగిపోతే ఈ కొంప మునగకపోను.”

“అరుస్తావేటి నాన్నా?” ఝాన్సీకి కూడా కోపం వచ్చింది. “పదకొండు వందల ఫైళ్ళకి ఒకే పేరెట్టినోళ్ళెవరు? కూర్మమ్మ మెట్ట అని పేరెట్టుంటే ఇప్పుడు ఇండెక్సింగుతో పనేటి?”

ఆ మాట నిజమే. అందుకే ధర్మారావు కోపం రెట్టింపయింది. లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూచున్నాడు. ఫోను తీసి బావమరిది విజయ్‌కుమార్‌కి చేశాడు. విజయ్‌కుమార్‌కి కొత్తవలసలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. ఫోనులో వెనకాల మరెవరో నవ్వుతున్నారు.

“బావా! ఎలా ఉంది పెట్టి? గుర్రంలాగ పరిగెడతందా?”

“ఎతకడం నేదు.”

“ఎతకడమెందుకు బావా నీకు? నువ్వేటి కలెక్టరువా? రోజూ ఒకటో రెండో కాయితాలు రాస్తావు, పైనే ఉంటాయి కదా.”

“మూడేళ్ళ కిందటిది కావాల.”

“మూడేళ్ళ కిందటిదా!” వాడు నవ్వాడు. “పోనీ, ఒక్కోటి తెరిచి సూసుకో. ఎన్నుంటాయి, యాబయ్యా?”

“పదకొండు వందలు.”

నవ్వు ఆగింది. “సరే, గుంటకివ్వు. మళ్ళీ ఎలా పెట్టాలో సెప్తాను.”

ఝాన్సీ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నొక్కాల్సినవన్నీ నొక్కింది. కంప్యూటరు మొదట్నించీ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. లోపల కిర్రు కిర్రుమని చప్పుడు. ఎర్రలైటు మిణుకు మిణుకు. చదవాల్సినవి రెండు లక్షల పైచిలుకని చూపించింది. ఝాన్సీ పాటలు, ఆమె స్నేహితురాళ్ళ ఫొటోలు, విజయ్‌కుమార్ పెళ్ళి వీడియో నాలుగు ఫోల్డర్లు, ఎవరివో పాత సాఫ్ట్‌వేర్లు, అన్నీ తలుపు తట్టి పలకరించి గానీ అర్జీల దగ్గరికి రాదు. గంటసేపటికి మూడు వేలయ్యాయి. నాలుగు గంటలకి కరెంటు పోయింది. ఆరింటికి వచ్చి, పావుగంట ఉండి, మళ్ళీ పోయింది.

కూర్మమ్మ అప్పటిదాకా అక్కడే కూచుంది. ఆ పెట్టె చీకట్లో పడిపోయాక లేచింది.

“పోన్లే తమ్ముడా. నువ్వు మాత్రం ఏటి సేస్తావు. దానికే మనమంటే గిట్టనేదు. ఆళ్ళ కంపూటర్లోనూ నా పేరు నేదు, నీ కంపూటర్లోనూ నా పేరు నేదు.”

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టే అంది. ధర్మారావుకి అది మరీ గట్టిగా తగిలింది.

గురువారం తెల్లారినా కరెంటు రాలేదు. ధర్మారావు పశువులకి గడ్డి వేసి, కంప్యూటరు వెనక తీగలన్నీ ఊడబీకాడు. పెట్టెని పాత దుప్పటిలో చుట్టి, గోనెసంచిలో దింపి, తన టీవీయస్ బండి వెనక కొబ్బరితాడుతో కట్టాడు. మేకని కట్టినట్టు నాలుగు చుట్లు వేసి, ముడి మీద ముడి వేశాడు. రాజకుమారి గుమ్మంలోంచి చూస్తోంది.

“మా తమ్ముడితో గొడవెట్టుకోకండి. కొట్లో పదిమందీ ఉంటారు.”

“ఉంటేనే మంచిది,” అన్నాడు ధర్మారావు.

ఎస్.కోట దాటి కొత్తవలస చేరేదాకా బండిని నలభై దాటనివ్వలేదు. గుంత వచ్చినచోటల్లా కాళ్ళు నేలకానించి దింపాడు. దారి పొడుగునా విజయ్‌కుమార్‌ని ఏమనాలో ఒకటొకటిగా పేర్చుకున్నాడు. కొత్తవలసలో రైలు గేటు పడింది. కిరండూల్ నుంచి ఇనపరాయి గూడ్సు వస్తోంది. ఎర్రదుమ్ము పట్టిన పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, తొందరలేకుండా, దొర్లుకుంటూ పోతున్నాయి. పక్కనున్న ఆటోవాడు గోనెసంచి వంక చూశాడు.

“ఏటి బావా అది, కోడా?”

ధర్మారావు తల తిప్పి ఒక్క చూపు చూశాడు. ఆటోవాడు గేటు వంక తిరిగిపోయాడు.

కొట్లో ముగ్గురు కుర్రాళ్ళు, ఒక స్కూలు పంతులు ఉన్నారు. విజయ్‌కుమార్ స్క్రూడ్రైవరు పళ్ళమధ్య పెట్టుకుని ఒక లాప్‌టాప్ పొట్ట విప్పుతున్నాడు. ధర్మారావు సంచి తెచ్చి ఆ లాప్‌టాప్ పక్కనే బల్లమీద దించాడు. బల్ల అదిరింది. మరలు నాలుగు కింద దొర్లాయి.

“బావా! ఫోను సేస్తే నానే వచ్చును కదా!”

“నిన్న సేసినాను. నవ్వినావు.”

“అది కాదు బావా...”

“ఒరే విజియా. నువ్వు ఇంట్లో నేనప్పుడు నాను మీ ఇంటికొచ్చి, బీరువా తాళాలు బరువుగా ఉన్నాయని తీసి బావిలో పారేసి, మీ ఆవిడతో సెప్పెల్లిపోతే నీకెలాగుంటాది?”

కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. పంతులుగారు ఇటు చూడనట్టు గోడమీద క్యాలెండరు చదువుతున్నారు.

“గుంట పరీక్ష కోసం కదా సేసింది...”

“గుంట పరీక్ష నాకు అక్కర్లేదేటి? నాతో సెప్తే నాను వద్దందునా? దీనివల్ల ఇది పోతాది బావా అని ఒక్క ముక్క. సెప్పడానికి నోరు నేదా? నాను పొలంలో ఉన్నాను. అయిదు నిమిషాలు నడిస్తే గట్టు మీదుంటాను. ఇక్కడనుంచి పాతిక కిలోమీటర్లు వచ్చినోడివి, అయిదు నిమిషాలు నడవనేకపోయావు. ఎందుకో సెప్పనా? ఈ పెట్టి ధర్మారావు వాడతాడని నీకు లెక్క నేదు. ఆడికేటి తెలుస్తాది, ఆడేటి ఎతుకుతాడు అనుకున్నావు.”

విజయ్‌కుమార్ పళ్ళమధ్య స్క్రూడ్రైవరు తీసి బల్లమీద పెట్టాడు. మొహం ఎర్రబడింది. సంచి మూతి విప్పబోయాడు. ముడులు రాలేదు. కత్తెరతో తాడు కోశాడు. తీగలు తగిలించి, తెర వెలిగించి, చకచకా నొక్కుకుంటూ పోయాడు. కొంతసేపయ్యాక తల తిప్పకుండానే అన్నాడు.

“నీ అర్జీల ఫోల్డరు ఒక్కటే సదవమన్నాను. పాటలు, బొమ్మలు అన్నీ తీసీసాను. అరగంటలో అయిపోతాది. గుంట టెస్టుకీ అడ్డురాదు.”

ధర్మారావు తెర దగ్గరికి వంగాడు.

“ఇలగ ఆదివారమే సెయ్యొచ్చా?”

“సెయ్యొచ్చు.”

“ఎతుకులాటా ఉండును, గుంట టెస్టూ నడుచును.”

“ఆ.”

“మరెందుకు సెయ్యనేదు?”

విజయ్‌కుమార్ చెవి వెనక గోక్కున్నాడు. “మొత్తం ఆపీడానికి రెండు నొక్కులు బావా. ఇలగయితే పది పన్నెండు నొక్కాల. ఎండగా ఉన్నాది, బేగి ఎల్లిపోదామని...”

అప్పటిదాకా ధర్మారావు కోపానికి ఒక ఆకారం ఉంది. దారిలో పేర్చుకున్న మాటలున్నాయి. ఈ జవాబుతో అవన్నీ చెదిరిపోయాయి. పది నొక్కులు. కూర్మమ్మా గంగులూ ఎన్ని కుండలు మోశారో అతను చూశాడు. గంగులు నెత్తిమీద జుట్టు అరిగిపోయి కుండ కింద పెట్టుకునే చుట్టకుదురంత మేర నున్నగా అయిపోవడం చూశాడు. ఎవడో ఆఫీసులో తొందరగా ఇంటికి పోదామని గంగులు అని కొట్టాల్సినచోట జోగయ్య అని కొట్టి ఉంటాడు. వీడు తొందరగా ఇంటికి పోదామని రెండు నొక్కి ఊరుకున్నాడు. చెడు చెయ్యాలని ఎవరికీ లేదు. అదే అతనికి భరించరాకుండా ఉంది. పగవాడైతే ఎదురుగా నిలబడి తిట్టొచ్చు.

బయటికి వచ్చి అరుగుమీద కూచున్నాడు. విజయ్‌కుమార్ టీ పంపించాడు. ముట్టుకోలేదు. చల్లారి మీగడ కట్టింది.

“బావా, అయింది.”

‘కూర్మమ్మ’ అని కొడితే పద్నాలుగు వచ్చాయి. వాళ్ళ వైపు ఆ పేరు ప్రతి వీధికీ ఇద్దరికుంటుంది. ‘జీడి’ అని చేర్చాడు. రెండు మిగిలాయి. రెండోది తెరిచి, కిందకంటా దొర్లించాడు. అడుగున తన మాటలే ఉన్నాయి.

‘8-7-2013 సోమవారం. అర్జీ ఇచ్చాము. రసీదు అడిగితే రేపు రమ్మన్నారు. పుస్తకంలో ఎక్కించారు. బల్లకి ఇవతల నిలబడి తలకిందులుగా చదివాను. 214. రాసినాయన ఎడమచేతివాటం. కుడి బొటనవేలికి గోరు లేదు. పేరు అడిగితే చెప్పలేదు.’

విజయ్‌కుమార్ భుజం మీంచి చదివాడు. “ఏటి బావా, గోరు కూడా రాసినావా!”

“పేరు సెప్పనోడికి ఆనవాలు రాసుకోవాల మరి. అచ్చు తియ్యి. రెండు తియ్యి.”

శుక్రవారం పదకొండుకి మండలాఫీసు వరండాలో కూర్మమ్మ ముందు, ధర్మారావు వెనక నిలబడ్డారు. జోగయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని లోపల కుర్చీలో ఉన్నాడు. తహసిల్దారు ఆ చోటికి కొత్తగా వచ్చిన మనిషి. కాయితం తీసుకుని చదివి, పక్కనున్న గుమాస్తాకి అందించాడు.

“రెండు వందల పద్నాలుగంటున్నారు. చూడండి.”

గుమాస్తా కాయితం చూడనుకూడా చూడలేదు. “పదమూడో సంవత్సరం పుస్తకాలు లేవండి. గాలివానకి తడిసిపోయాయి. అందరూ ఇలాగే ఏదో అంకె వేసుకుని వస్తారండి.”

ధర్మారావు గుమాస్తా చేతుల వంక చూశాడు. కాయితం పట్టుకున్నది కుడిచెయ్యి. బొటనవేలి కొస నున్నగా, గోరు లేకుండా ఉంది. తరవాత అతని వెనకాలున్న బీరువా చూశాడు. తలుపులు సగం తెరిచే ఉన్నాయి. కింది అరలో అట్టలు వరసగా ఉన్నాయి. వాటి మీద ధూళి ఉంది. నీటిచార ఒక్కటీ లేదు.

“బాబుగారూ,” అన్నాడు తహసిల్దారుతో. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ వరండాలో వాళ్ళందరికీ వినపడింది. “కింది అరలో కుడివేపు నుంచి మూడోది. అట్టమీద పదమూడనే ఉన్నాది. అది తడవనేదు. ఆయన్ని తియ్యమనండి. ఆయన రాసిందే, ఎడంసేత్తో.”

గుమాస్తా లేవలేదు. “ఎవరండీ మీరు? మీకేటి సంబంధం?”

“అర్జీ రాసినోణ్ణి. ఆ రోజు మీ పేరడిగితే సెప్పనేదు. ఇయ్యాల సెప్పండి.”

కూర్మమ్మ కూడా ముందుకి వచ్చింది. “నువ్వే కదేటి బాబూ! రేపు రా, రసీదిస్తానన్నావు. మూడేళ్ళయింది, ఇంకా రేపు కానేదా?”

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. తహసిల్దారు నవ్వలేదు. తానే లేచి, బీరువా దగ్గరికి నడిచి, వంగి, మూడో పుస్తకం లాగాడు. దుమ్ము దులిపి బల్లమీద తెరిచాడు. జూలై ఎనిమిది. రెండు వందల పద్నాలుగు. లోవ కూర్మమ్మ, భర్త గంగులు, మెట్ట భూమి పేరు మార్పు విషయం. ఎదురుగా ‘తీసుకున్న చర్య’ అన్న గడి ఖాళీగా ఉంది. ఆ పేజీలో అన్ని గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి.

తహసిల్దారు ఆ పేజీ పైనుంచి కిందకంటా చూశాడు. తరవాత పేజీ తిప్పి అదీ చూశాడు. కట్టలోంచి జోగయ్య పాసుపుస్తకం తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు.

“విచారణ అయ్యేవరకు సంతకం లేదు. వచ్చే వారం సర్వేయరు వస్తాడు. మీరు వెళ్ళండమ్మా.”

జోగయ్య ఏదో గొణుగుతూ లేచిపోయాడు. కూర్మమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగింది. ధర్మారావు కదల్లేదు.

“ఇంకేమిటి?” అన్నాడు తహసిల్దారు.

“ఇప్పుడు సెప్పిన ముక్క కాయితం మీద ఇప్పించండి.”

“చెప్పాను కదయ్యా. నా మాట మీద నమ్మకం లేదా?”

“మీకు ముందున్నాయన కూడా సెప్పారండి. ఆయనిప్పుడిక్కడ నేరు. మీరు మాత్రం ఎన్నాళ్ళుంటారు?”

తహసిల్దారు మొహంలో రంగు మారింది. కూర్మమ్మ భయపడి ధర్మారావు చొక్కా చెయ్యి పట్టుకు లాగింది. “ఒగ్గీ తమ్ముడా, పోదాం రా. బస్సెల్లిపోతాది.”

“ఎల్లిపోనీ అప్పా.”

గోడవారనున్న బెంచీ మీద కూచున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గుమాస్తా వంకే చూస్తున్నాడు. కూర్మమ్మ కూడా కాసేపు నిలబడి, చివరికి వచ్చి పక్కన కూచుంది. పదకొండున్నరయింది. పన్నెండయింది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. బయట బస్సు హారన్ కొట్టింది, కదిలిపోయింది.

పన్నెండుంబావుకి తహసిల్దారు సైగ చేస్తే గుమాస్తా సొరుగులోంచి ఒక తెల్లకాయితం తీసి, కలం మూత ఊడదీశాడు.

“ఏమని రాయమంటావు?” అన్నాడు, తల ఎత్తకుండా.

“ముందు మీ పేరు రాయండి,” అన్నాడు ధర్మారావు.